గోడ మీద ఈజిప్టు

ఈ మధ్య మనవాళ్ళ కొత్త ఫ్లాట్ల గృహప్రవేశాలకి వెళ్తుంటే ఒక సంగతి గమనించాను. హాల్లో సోఫా వెనక గోడకి మూడు ముక్కల కాన్వాసు ఒకటి తగిలించి ఉంటోంది. నల్లటి బ్యాక్‌గ్రౌండు, మధ్యలో బంగారు రంగు టుటంఖామున్ ముఖం, అటూ ఇటూ పిరమిడ్లు, కింద బార్డరులా ఏవో చిత్రలిపి అక్షరాలు. "ఈజిప్షియన్ థీమ్ సార్" అని ఇంటీరియర్ వాడు పెట్టేసి బిల్లులో ఓ లైను కలుపుతాడు. ఆ అక్షరాలేంటండీ అని ఇంటాయన్ని అడిగితే నవ్వేస్తాడు. ఆయనకి తెలియకపోవడంలో తప్పు లేదు. తమాషా ఏంటంటే వాటిలో చాలావరకు అసలు అక్షరాలే కావు. పక్షిలాంటిది ఒకటి, కన్నులాంటిది ఒకటి, మెలికలు తిరిగిన గీతలు నాలుగు. ఇప్పుడు ఏఐతో చేయించిన బొమ్మలొచ్చాక ఇంకా ఘోరం. ఆ పక్షికి మూడు కాళ్ళు కూడా ఉంటున్నాయి :)

నేను ఆ కాన్వాసుల్ని వెక్కిరించడానికి ఇది రాయట్లేదు. ఎవరి గోడ వాళ్ళిష్టం, ఇరవై ఏళ్ళ ఈఎంఐ కట్టేది వాళ్ళే. కానీ ఈజిప్టు అంటే నిజంగా సరదా ఉన్నవాళ్ళు ఆ డబ్బులో పావు వంతుకి అసలైన బొమ్మలు పెట్టుకోవచ్చని తెలియక మోసపోతున్నారని నా బాధ. 1798 నుంచి ఓ ఎనభై ఏళ్ళ పాటు యూరోపు వాళ్ళు ఈజిప్టు వెళ్ళి, గుళ్ళూ సమాధులూ చూసి, గీసి, అచ్చేసిన పెద్ద పెద్ద బొమ్మలు వేలల్లో ఉన్నాయి. ఇప్పుడు లైబ్రరీలు వాటిని స్కాన్ చేసి ఊరికే ఇస్తున్నాయి. వాటిని పెట్టుకోవాలి అని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే అవి గీసినవాళ్ళ గురించి కొంచెం చెప్పాలి. అందులో మన జాతివాళ్ళే ఎక్కువ. అంటే తెలుగువాళ్ళని కాదు, ఇంజనీర్లని!

1798లో నెపోలియన్ ఈజిప్టు మీదకి సైన్యంతో పోతూ 150 మందికి పైగా శాస్త్రవేత్తల్ని, ఇంజనీర్లని, చిత్రకారుల్ని వెంటబెట్టుకెళ్ళాడు. యుద్ధం సంగతి వదిలేయండి, అది మూడేళ్ళలో ఓడిపోయాడు. ఆ పండితులు గీసిందీ కొలిచిందీ మాత్రం 'డిస్క్రిప్షన్ డె లెజిప్ట్' అన్న పేరుతో 1809 నుంచి 1820ల చివరి దాకా భాగాలు భాగాలుగా అచ్చయ్యింది. అందులో కొన్ని ప్లేట్లు దాదాపు మీటరు పొడుగు. రాగి రేకు మీద చేత్తో గీత గీతా చెక్కి అచ్చు వేసినవి. ఆకాశం కోసం వందల సమాంతర రేఖలు చెక్కలేక ఎన్‌గ్రేవర్ల చేతులు పడిపోతున్నాయని నికొలా కోంటె అనే ఆయన దానికో యంత్రమే కట్టాడు. మనం చిన్నప్పుడు వాడిన పెన్సిల్ ఉంది చూశారూ, గ్రాఫైట్ పొడీ బంకమన్నూ కలిపి కాల్చి చేసేది, అది కనిపెట్టింది కూడా ఈయనే. చేతిపని ఆటోమేట్ చేయడం అనే జబ్బు మనతో మొదలవలేదన్నమాట.

నాకు బాగా నచ్చిన కథ జొల్వా, విలియే అనే ఇద్దరు కుర్రాళ్ళది. ఇద్దరూ సివిల్ ఇంజనీర్లే. ఈజిప్టులో దిగినప్పుడు విలియేకి 18 ఏళ్ళు, ఇంకా చదువు కూడా అవ్వలేదు. ఫైనల్ పరీక్ష కైరోలోనే ఇచ్చాడు! 1799లో వీళ్ళని ఎగువ ఈజిప్టుకి పంపించింది నైలు నది నీటిమట్టాలు, కాలవలు, వ్యవసాయం సర్వే చేయడానికి. వీళ్ళు ఆ పని చేస్తూనే, ఖాళీ దొరికినప్పుడల్లా డెండెరా గుడికి పోయి గోడలూ పైకప్పులూ గీస్తూ కూర్చునేవాళ్ళు. వాళ్ళ పైఅధికారి జిరార్‌కి ఇది అస్సలు నచ్చలేదు. చెప్పిన పని వదిలేసి బొమ్మలేంటి అని విసుక్కున్నాడు. పెన్సిళ్ళు అయిపోతే తుపాకీ గుండ్ల సీసం కరిగించి పెన్సిళ్ళు చేసుకున్నారట. మేనేజరుకి ఇష్టం లేని సైడ్ ప్రాజెక్టు అన్నమాట. ఇవాళ జిరార్ రాసిన కాలవల రిపోర్టు ఎంతమందికి తెలుసు? ఆ కుర్రాళ్ళ డెండెరా రాశిచక్రం మాత్రం ప్రపంచమంతా గోడలెక్కింది.

మా ఇంట్లో ఉన్నది అదే. హాల్లో, టీవీకి ఎదురు గోడ మీద. డెండెరాలో హాథోర్ దేవత గుడి పైఅంతస్తులో ఒక చిన్న గది పైకప్పుకి చెక్కిన గుండ్రటి ఆకాశం అది. నలుగురు దేవతలు నిలబడి, డేగ తలల మనుషులు మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఆకాశాన్ని చేతులతో మోస్తుంటారు. లోపల నక్షత్రాల బొమ్మలు. మనవాళ్ళెవరొచ్చినా రెండు నిమిషాలు దాని ముందు ఆగిపోతారు. ఎందుకంటే మన రాశులు కనిపిస్తాయి. మేషం, వృషభం, తక్కెడ రూపంలో తుల, తేలు, గోధుమ కంకి పట్టుకున్న కన్య, రెండు కుండల్లోంచి నీళ్ళు పోస్తున్న కుంభం. మిథునం ఒక ఆడ, ఒక మగ చేయీ చేయీ పట్టుకుని నడుస్తున్నట్టు ఉంటుంది, మన పంచాంగంలోని జంటలాగే. మకరం మాత్రం మన మొసలి కాదు, మేక తల, చేప తోక. ఇది యాదృచ్ఛికం కాదు. ఈ పన్నెండు రాశుల లెక్క బాబిలోనియాలో పుట్టి, గ్రీకుల చేతి మీదుగా ఒకవైపు ఈజిప్టుకీ ఇంకోవైపు మనకీ చేరింది. వచ్చినవాళ్ళంతా ముందు తమ రాశి ఎక్కడుందో వెతుక్కుంటారు, తర్వాత "అయితే మన దగ్గర్నుంచే వాళ్ళు నేర్చుకున్నారన్నమాట" అంటారు. కాదండీ అని చెప్పడం నాకు ఇప్పుడో డ్యూటీ అయిపోయింది :)

ఈ ఒక్క బొమ్మ వెనక ఎంత కథ ఉందో చూడండి. బొమ్మ బయటికొచ్చాక, ఈ రాశిచక్రం వేల ఏళ్ళ కిందటిదనీ, బైబిలు లెక్క ప్రకారం ప్రపంచం పుట్టకముందుదనీ ఫ్రాన్సులో పెద్ద గొడవ మొదలైంది. 1821లో లెలొర్రేన్ అనే ఆయన రంపాలూ ఉలులూ తుపాకీ మందూ పట్టుకెళ్ళి, ఆ పైకప్పు రాయి కోసి, పారిస్ పట్టుకొచ్చాడు. పద్దెనిమిదో లూయీ రాజు దాన్ని లక్షా యాభై వేల ఫ్రాంకులకి కొన్నాడు. ఇప్పుడది లూవ్ర్ మ్యూజియంలో ఉంది. డెండెరా వెళ్తే మీకు కనబడేది నకలు. ఇక 1822లో షాంపోలియన్ చిత్రలిపి గుట్టు విప్పాడు కదా, ఆయన ఆ అచ్చు బొమ్మ పక్కనున్న కార్టూష్ (పేరు చుట్టూ గీసే కోడిగుడ్డు ఆకారం గీత) చదివి, అందులో రోమన్ చక్రవర్తి బిరుదుంది కాబట్టి ఇది రోమన్ల కాలంది అని తేల్చాడు. వాదన ముగిసింది. ఆరేళ్ళ తర్వాత తనే స్వయంగా డెండెరా వెళ్ళి చూస్తే, గుడిలో ఆ చోట కార్టూషులు ఖాళీగా ఉన్నాయి! గోడ మీద లేని అక్షరాలు కాగితం మీదకి ఎలాగో వచ్చేశాయి. మొత్తానికి అది క్రీస్తుకి పూర్వం 50 ప్రాంతం నాటిదని ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. అంటే షాంపోలియన్ తప్పుడు ఇన్‌పుట్‌తో దాదాపు సరైన ఔట్‌పుట్ తెచ్చాడు. మన కోడ్‌లో ఇలాంటివి ఎన్ని ఉంటాయో మనకి తెలుసు.

అందుకే నేను వీటిని 'ఈజిప్టు బొమ్మలు' అనను. ఇవి ఈజిప్టుని చూసిన మనుషుల బొమ్మలు. ఆ తేడా తెలిసి పెట్టుకుంటేనే దాని అందం. 1822కి ముందు గీసిన చిత్రలిపి ఏదైనా సరే, గీస్తున్నవాడికి ఒక్క అక్షరం చదవడం రాదు. తెలుగు రానివాడు మన శాసనం ఒకటి చూసి కాపీ చేసినట్టు. కొన్నిచోట్ల అద్భుతంగా సరిగ్గా ఉంటుంది, కొన్నిచోట్ల కొమ్ము పోయి దీర్ఘం వస్తుంది. కానీ వాడు గీయడానికి ప్రయత్నించాడు. ఆ కాన్వాసు వాడు ప్రయత్నించనేలేదు. నా గొడవంతా అక్కడే.

ఇంకో కారణం ఉంది, అసలు పెద్ద కారణం. ఈ బొమ్మల్లో ఉన్నవి కొన్ని ఇప్పుడు లేవు. ఆస్వాన్ దగ్గర ఎలిఫెంటైన్ దీవిలో మూడో అమెన్‌హోటెప్ కట్టించిన చిన్న గుడి ఒకటి ఉండేది, నాలుగు వైపులా స్తంభాలతో ముచ్చటగా. నెపోలియన్ పండితులు దాన్ని కొలిచి గీశారు. 1822లో దాన్ని రాళ్ళ కోసం కూల్చేశారు. అర్మాంత్‌లో ఇంకో గుడిని 1860ల్లో చక్కెర ఫ్యాక్టరీ కట్టడానికి పీకేశారు. ఆ ప్లేట్లు ఇప్పుడు వాటికి మిగిలిన ఆనవాళ్ళు. బ్యాకప్ ఉంది, సర్వర్ పోయింది.

బ్యాకప్‌కీ దిక్కులేని రోజొకటి వచ్చింది. నెపోలియన్ 1798లో కైరోలో పెట్టిన ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీ 2011 డిసెంబరులో అల్లర్లలో తగలబడింది. వేల పుస్తకాలు కాలిపోయాయి. అదృష్టం కొద్దీ డిస్క్రిప్షన్ కాపీలు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి, అలెగ్జాండ్రియా లైబ్రరీ వాళ్ళు దాన్ని డిజిటైజ్ కూడా చేశారు.

రంగుల బొమ్మలు కావాలనుకునేవాళ్ళకి డేవిడ్ రాబర్ట్స్ ఉన్నాడు. స్కాట్లండ్‌లో చెప్పులు కుట్టే ఆయన కొడుకు, నాటకాలకి తెరలు గీస్తూ పైకొచ్చాడు. 1838లో ఈజిప్టు వెళ్ళి స్కెచ్చులు వేసుకొచ్చాడు. వాటిని లూయీ హేగ్ అనే లితోగ్రాఫర్ రాయి మీదకి ఎక్కించాడు. ఈ హేగ్‌కి కుడి చేయి సరిగ్గా లేదు, పనంతా ఎడమ చేత్తోనే. 'ఈజిప్ట్ అండ్ న్యూబియా' 1846 నుంచి 1849 వరకు వచ్చింది. నాటకాల తెరల అలవాటు పోలేదు కాబట్టి రాబర్ట్స్ బొమ్మల్లో వెలుగు కొంచెం డ్రామాగా ఉంటుంది, స్తంభాలు ఉన్నదానికంటే ఎత్తుగా అనిపిస్తాయి. అయినా ఆయన గీసిన ఫిలే గుడి మండపం బొమ్మ చూడండి. స్తంభాల పైన ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగులు. 1902లో ఆస్వాన్ దగ్గర మొదటి ఆనకట్ట కట్టాక ఆ దీవి ఏడాదిలో చాలా నెలలు నీళ్ళలో మునిగేది. రంగులన్నీ పోయాయి. తర్వాత హై డ్యామ్ కట్టాక పూర్తిగా మునిగిపోతుందని 1970ల్లో యునెస్కో వాళ్ళు గుడిని రాయి రాయీ విప్పి పక్క దీవిలో మళ్ళీ కట్టారు. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగే గుళ్ళని అలంపురం చేర్చినట్టే. కర్నూలు, మహబూబ్‌నగర్ వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఫిలేలో గుడి మిగిలింది, రంగు మిగల్లేదు. ఆ రంగు ఇప్పుడు రాబర్ట్స్ కాగితం మీద ఉంది.

బెల్జోనీ సంగతి ఇంకా తిక్కగా ఉంటుంది. ఇటలీవాడు, లండన్‌లో స్టేజి మీద బలప్రదర్శనలు చేసి బతికిన వస్తాదు, నీళ్ళు తోడే యంత్రం అమ్ముదామని ఈజిప్టు వెళ్ళి అది కుదరక తవ్వకాల్లో పడ్డాడు. 1817లో మొదటి సేతి సమాధి బయటపెట్టాడు. గోడల నిండా నిన్నే వేసినట్టున్న రంగులు. ఆయనా, రిచ్చి అనే ఇంకో ఇటాలియనూ కలిసి నెలల తరబడి వాటర్ కలర్స్‌లో గోడలన్నీ కాపీ చేశారు. ఆ పనిలోనే ఇంకోటి కూడా చేశారు. లండన్‌లో సమాధి నమూనా కట్టి టికెట్ పెట్టి చూపించాలని గోడల శిల్పాలకి మైనం అద్ది అచ్చులు తీశారు. మైనంతో పాటు రంగూ ఊడొచ్చింది. ప్రదర్శన 1821లో లండన్‌లో బ్రహ్మాండంగా జరిగింది. బొమ్మ గీసి కాపాడిందీ వాళ్ళే, అసలుని పాడుచేసిందీ వాళ్ళే. మళ్ళీ 2017లో స్విట్జర్లాండ్‌లో బాసెల్ మ్యూజియంలో ఆ సమాధి గదిని ఉన్నదున్నట్టు పూర్తి సైజులో తయారుచేసి చూపించినప్పుడు, పోయిన రంగులు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి ఆ వాటర్ కలర్సే ఆధారమయ్యాయి.

ఇక్కడ నా ఫ్రెండొకడు ఒక పాయింటు లేవదీశాడు. "ఒరేయ్, దొంగల ఆల్బం తెచ్చి గోడకి పెట్టుకున్నావు" అని. వాడి మాట కొట్టిపారేయడానికి లేదు. ప్రిస్ దవెన్ అని అద్భుతమైన రంగుల ప్లేట్లు అచ్చేసిన ఫ్రెంచాయన, 1843లో కార్నాక్ గుడిలో రాజుల పేర్ల జాబితా ఉన్న గది గోడనే రాత్రిళ్ళు దొంగచాటుగా ఊడదీసి పెట్టెల్లో సర్ది ఫ్రాన్సుకి తీసుకుపోయాడు. జర్మన్ లెప్సియస్ సేతి సమాధిలోంచి స్తంభం కోసుకుపోయాడు. ఎడ్వర్డ్ సయీద్ 1978లో రాసిన 'ఓరియంటలిజం'లో డిస్క్రిప్షన్‌ని ఒక దేశం ఇంకో దేశాన్ని పుస్తకంలో పెట్టి సొంతం చేసుకోవడంగానే చూశాడు. నిజమే. కానీ దానికి మందు బొమ్మని దాచేయడం అని నేననుకోను. రాతిని కోసుకుపోతే అక్కడ రాయి ఉండదు. బొమ్మ గీసుకుపోతే అక్కడ ఏమీ తగ్గదు. ఆ మనుషులు రెండూ చేశారు, మనం రెండో పనిని ఉంచుకుని మొదటి పనిని పేరుపెట్టి చెప్పుకోవచ్చు. మా ఇంట్లో రాశిచక్రం ఫ్రేము కింద చిన్న కాగితం అంటించాను: ఎవరు గీశారు, ఎప్పుడు, రాయి ఇప్పుడెక్కడుంది, ఎలా వెళ్ళింది. మ్యూజియంలో ఉండాల్సిన లేబులు హాల్లో ఉంటే తప్పేముంది?

పైగా ఈ కథ మనకి కొత్తది కాదు. నెపోలియన్ ఈజిప్టులో దిగిన అదే 1798లో కల్నల్ మెకంజీ మన అమరావతి దిబ్బ చూడ్డానికి వచ్చాడు. ఆయనా సర్వేయరే, ఇంజనీరే. 1816 తర్వాత తన మనుషులతో మళ్ళీ వచ్చి స్తూపం పలకల్ని ఒక్కొక్కటీ శ్రద్ధగా గీయించాడు. ఆ పలకల్లో కొన్ని సున్నం బట్టీల పాలయ్యాయి, కొన్ని లండన్ వెళ్ళి బ్రిటిష్ మ్యూజియంలో కూర్చున్నాయి, కొన్నిటికి ఆ డ్రాయింగే మిగిలింది. ఆల్బం బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. డెండెరా పక్కన అమరావతి డ్రాయింగు ప్రింటు ఒకటి పెట్టాలన్నది నా తరువాతి ప్లాను. నిజం చెప్పాలంటే, మనవాళ్ళ హాళ్ళలో నల్ల కాన్వాసు ఈజిప్టు చూసినప్పుడు నాకు చిరాకు పుట్టడానికి ఇదో కారణం. గుంటూరు జిల్లావాడికి అమరావతి డ్రాయింగుల గురించి ఎవరూ చెప్పలేదు, టుటంఖామున్ మాత్రం క్యాటలాగులో ఉన్నాడు. హైదరాబాదులో ఉన్నవాళ్ళు పబ్లిక్ గార్డెన్స్ స్టేట్ మ్యూజియంలో నిజం ఈజిప్షియన్ మమ్మీనే చూడొచ్చు, కానీ పక్క డిపార్టుమెంటు వాడెవడైనా చూశాడా అని అడిగి చూడండి.

సరే, చేసే పద్ధతి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 2016లో లక్షా ఎనభై వేల పైచిలుకు బొమ్మలు ఏ షరతూ లేకుండా హై రిజల్యూషన్‌లో ఇచ్చేసింది, డిస్క్రిప్షన్, ప్రిస్ దవెన్ అందులో ఉన్నాయి. రాబర్ట్స్ లితోగ్రాఫులకి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, లెప్సియస్‌కి జర్మనీలో హాలె యూనివర్సిటీ. ఇవే ఫైళ్ళని దింపుకుని వేల రూపాయలకి 'ఫైన్ ఆర్ట్ ప్రింట్' అని అమ్మే సైట్లు కోకొల్లలు. మీరే చేయించుకోండి. ఏ3 సైజుకి 300 డీపీఐ అంటే 3508 x 4961 పిక్సెల్స్ కావాలి. రంగుల లితోగ్రాఫ్ అయితే 200కి దిగినా ఫరవాలేదు, రాగి రేకు ఎన్‌గ్రేవింగ్ అయితే దిగకండి. ఆ కోంటె యంత్రం గీసిన సన్నటి ఆకాశపు గీతలు చిన్న సైజుకి కుదిస్తే ఒకదాన్లో ఒకటి కలిసి అలలు అలలుగా పిచ్చి డిజైను వచ్చేస్తుంది. జేపెగ్ కాకుండా టిఫ్ దొరికితే అదే తీసుకోండి. నిగనిగలాడే పేపరు వద్దు, ఫ్లెక్సు అసలే వద్దు, మ్యాట్ పేపరు మీద పిగ్మెంట్ ఇంకు అని గట్టిగా చెప్పండి. డై ఇంకు పడమటెండకి మూడు వేసవుల్లో పాలిపోతుంది. పాత కాగితం పసుపు రంగుని 'శుభ్రం' చేస్తామంటారు, ఒప్పుకోకండి. చుట్టూ ఉన్న మార్జినూ, మూల ప్లేటు నంబరూ, కింద గీసినవాళ్ళ పేర్లూ కత్తిరించనివ్వకండి. అవే దాని ఆధార్ కార్డు. గాజుకీ కాగితానికీ మధ్య మౌంటు బోర్డు ఖచ్చితంగా పెట్టించండి, లేదంటే వానాకాలం చెమ్మకి ప్రింటు గాజుకి అంటుకుపోతుంది. మా ఫ్రేముల షాపాయన చుట్ట విప్పి చూసి "ఏ దేవుడు సార్ ఇది?" అన్నాడు. హాథోర్ గుడిలోది అంటే "అమ్మవారా, అయితే ఎర్ర ఫ్రేము" అని నిర్ణయించేశాడు. నల్లది వేయించడానికి పది నిమిషాలు పట్టింది.

ఏది వద్దో కూడా చెప్పాలి. చచ్చిపోయినవాడి గుండెని తక్కెడలో ఈకతో తూచే బొమ్మ, పక్కన మొసలి మూతి జంతువు కాచుకుని, ఐబిస్ పక్షి తల దేవుడు లెక్క రాస్తూ... అందరికీ తెలిసిన బొమ్మే, పెపైరస్ మీద టూరిస్టులు తెచ్చుకునేది. మా అత్తయ్య గారు ఒక ఫ్రెండు ఇంట్లో దాన్ని చూసి అర్థం అడిగారు, చెప్పాను. "అంటే చిత్రగుప్తుడి లెక్కలన్నమాట. అది పెట్టుకుని దాని కింద కూర్చుని భోంచేస్తున్నారా బాబూ?" అన్నారు. నాకు వాస్తు పట్టింపు లేదు గానీ ఆవిడ మాటలో పాయింటు ఉంది. అది శవంతో పాటు పెట్టెలో పెట్టడానికి రాసిన కాగితం, పూర్తిగా పోయినవాడి సొంత వ్యవహారం. డైనింగ్ టేబుల్ మీదకి గుడి మండపమో నైలు మీద పడవలో పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. రాశిచక్రం మాత్రం ఆవిడకి తెగ నచ్చింది. ఇంటికొచ్చినవాళ్ళకి కుంభం ఎక్కడుందో ఇప్పుడు నాకంటే ముందు ఆవిడే చూపిస్తున్నారు. లెలొర్రేన్ తుపాకీ మందు కథ కూడా చెప్తున్నారు, నేను చెప్పినదానికి రెండు బస్తాలు ఎక్కువేసి.